గాలిని అమ్మిన సొమ్ములో కడప రేడియో వాటా

మా ఇంట్లో ఇనుప పెట్టె అడుగున ఇప్పటికీ ఒక రేడియో లైసెన్సు పుస్తకం ఉంది. రేడియో ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరైన రోజుల్లో, పోస్టాఫీసులో ఏటా 15 రూపాయలు కట్టి ముద్ర వేయించుకున్న పేజీలు. వేరుశనగ పండిన ఏడాది సకాలంలో, వాన మొహం చాటేసిన ఏడాది ఆలస్యంగా కట్టినట్టు ఆ తేదీలే చెబుతాయి. 1980ల నడుమ ఆ రుసుము రద్దయింది. ఎవరూ చింతించలేదు. ఆ డబ్బు ప్రభుత్వ ఖాతాకే చేరేది, నిజమే. అయినా ‘కట్టింది నేను, చెప్పవలసింది నాకు’ అని అడిగే నోరు శ్రోతకు ఉండేది.

తమాషా ఏమిటంటే, ఆకాశవాణినీ దూరదర్శన్‌నూ నడిపే ప్రసార భారతి సంస్థకు సంబంధించిన 1990 నాటి చట్టం 17వ సెక్షన్, లైసెన్సు రుసుము అంటూ ఉంటే దాని రాబడిని సంస్థకు ఇవ్వవచ్చు అంటుంది. చట్టం చేసేనాటికే ఆ రుసుము లేదు! మిగిలింది పార్లమెంటు ఆమోదంతో కేంద్రం ఇచ్చే సొమ్ము. 1997లో ఆ సంస్థకు వచ్చిన స్వయంప్రతిపత్తి, తాళంచెవులు అత్తగారి కొంగున ఉంచి కోడలికి వంటింటి పెత్తనం ఇచ్చిన చందమే.

ప్రకటనలతో బతకమనే వాదన వినడానికి బాగుంటుంది. కడప ఆకాశవాణి 1963 నుంచి ఉంది. వేరుశనగకు తిక్క ఆకుమచ్చ తెగులు సోకితే ఏం చేయాలో చెప్పే కార్యక్రమానికి సొమ్ము పెట్టేదెవరు? పురుగుమందుల కంపెనీ. అప్పుడు ‘ఈసారి మందు కొట్టనక్కర్లేదు’ అనే మాట గాలిలోకి వస్తుందా? ఆ ఒక్క మాట రైతుకు వేల రూపాయలు మిగిల్చేదైనా సరే. ఇక 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజును తలచుకోండి. అలాంటి రాత్రి ఏటి ఒడ్డు పల్లెలకు హెచ్చరిక చదవడానికి స్టేషనులో మనిషి ఉండాలి. ఆ మనిషికి మిగతా 364 రాత్రులూ జీతం ఇవ్వాలి. ఏ ప్రకటనకర్తా ఆ జీతం ఇవ్వడు. పైగా ప్రభుత్వ పథకాల ప్రకటనలనే నమ్ముకుంటే తిరిగి ఆ తాళంచెవుల దగ్గరికే వచ్చినట్టు.

బ్రిటన్‌లో లైసెన్సు రుసుము ఇంకా నడుస్తోంది. జర్మనీలో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని వసూలు చేస్తారు. ఫ్రాన్స్ 2022లో అలాంటి రుసుమును ఎత్తేసింది. ఫిన్లాండ్ 2013 నుంచి ఆదాయాన్ని బట్టి పన్ను వేస్తోంది. ఇవేవీ మనకు అతకవు. అనంతపురంలో ఉపాధి హామీ కూలీ ఇంటికీ, పెద్ద భవంతికీ ఒకే రుసుము వేయడం అన్యాయం. ఆదాయపు పన్ను కట్టేవారేమో మన దగ్గర కొద్దిమందే.

దారి వేరే ఉంది. రేడియోకూ ఫోన్లకూ ఆధారమైన వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ ఆస్తినే 2022 వేలంలో టెలికాం కంపెనీలకు సుమారు 1.5 లక్షల కోట్ల రూపాయలకు కేటాయించారు. 2024లో కేంద్ర మంత్రివర్గం 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి అనుమతించింది. వాటిలో ఆదోని, ధర్మవరం, గుంతకల్లు లాంటి మన ఊళ్లూ ఉన్నాయి. ఆ చానళ్లు ఆదాయంలో 4 శాతం ఏటా ప్రభుత్వానికి కట్టాలి. సొంతంగా వార్తలు చెప్పే హక్కు మాత్రం వాటికి లేదు, వార్తలు వినిపించాలంటే ఆకాశవాణి వార్తలనే యథాతథంగా వినిపించాలి. అంటే రేడియో వార్త అనేది ఒక్క ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంది. అందుకే దాని జీతం ఎవరిస్తారన్నది మరీ పెద్ద ప్రశ్న. తరంగాల రాబడిలో ఇంత శాతం ప్రసార భారతికి అని చట్టంలోనే రాసేస్తే, ఏటేటా చెయ్యి చాచే పని తప్పుతుంది.

ఇలా కేటాయించడం కొత్తేమీ కాదు. పల్లెలకు ఫోన్లు చేర్చడానికి టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పక్కన పెట్టే ఏర్పాటు 2000ల తొలినాళ్ల నుంచీ ఉంది. అక్కడ వచ్చిన చిక్కు కూడా మనకు తెలుసు: వసూలైనదంతా ఖర్చు కాలేదు, పెద్ద మొత్తం ఖజానాలోనే ఉండిపోయింది. కాబట్టి శాతం ఒక్కటీ రాస్తే చాలదు. ఏ గడువులోగా విడుదల చేయాలో, అందులో జిల్లా కేంద్రాలకు ఎంత తప్పనిసరిగా చేరాలో కూడా చట్టమే చెప్పాలి. రెండో మాట వదిలేస్తే వచ్చిన సొమ్ము ఢిల్లీ స్టూడియోల దీపాలకే సరిపోతుంది, కడప స్టేషనులో రాత్రి డ్యూటీ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.