గంటలు అమ్మే చోట మేనేజర్‌కు నమ్మకం ఎలా కుదురుతుంది?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే పిల్లల్ని 'ఉద్యోగం ఎందుకు మారుతున్నావు' అని అడగండి. మొదట జీతం మాట వస్తుంది. ఇంకాస్త కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది: 'మా మేనేజర్‌తో వేగలేకపోతున్నా.' తిట్లూ అవమానాలూ ఉన్న చోట్లూ లేకపోలేదు గానీ, ఎక్కువ మంది చెప్పేది వేరే. గంటకోసారి 'అప్‌డేట్ ఏంటి' అంటూ పింగ్. చాట్‌లో పచ్చ చుక్క పసుపురంగులోకి మారితే ఫోన్. క్లయింట్‌కు రెండు ముక్కల మెయిల్ పంపాలన్నా ముందు తనకు చూపించాలన్న షరతు. రెండు గంటల పనికి టైమ్‌షీట్‌లో ఒక లెక్క, పనిని నమోదు చేసే టికెట్‌లో ఒక లెక్క, మేనేజర్ సొంతంగా పెట్టుకున్న ఎక్సెల్ షీట్‌లో మరో లెక్క.

దీన్ని మేనేజర్ గుణం కింద జమకట్టడం తేలిక. కొందరి విషయంలో అది నిజం కూడా. కానీ ఒకే తీరు ఇన్ని కంపెనీల్లో, ఇంతమందిలో కనిపిస్తున్నప్పుడు మనుషుల గుణాన్ని దాటి చూడాలి. మన ఐటీ సేవల రంగంలో ఇలా ప్రతి చిన్నదానికీ వెంటపడే మైక్రోమేనేజ్‌మెంట్ ప్రధానంగా వ్యాపారం నడిచే పద్ధతిలోంచే పుడుతోందని నా అభిప్రాయం. రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌తో అది పోదు.

ఈ రంగంలో ఎన్నో ప్రాజెక్టులు గంటల లెక్కన నడుస్తాయి. ఇంతమంది, ఇన్ని గంటలు, గంటకు ఇన్ని డాలర్లు. క్లయింట్‌కు అమ్మేది గంట కాబట్టి, ఆ గంటలో కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా అన్నదే లెక్కకు వస్తుంది. మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్న ప్రాజెక్టుల్లో చిక్కు ఇంకోలా ఉంటుంది. ధర కుదిర్చేది సేల్స్ బృందం. గడువు ఒప్పుకునేదీ వాళ్లే. టీమ్‌లో ఎంతమంది ఉండాలో, అందులో అనుభవం ఉన్నవాళ్లెందరో, ఫ్రెషర్లెందరో పైనుంచి తేలి వస్తుంది. ఇవన్నీ అయ్యాక ప్రాజెక్టును మేనేజర్ చేతికిస్తారు. గడువు తప్పితే ఎస్కలేషన్ (పైవాళ్ల దాకా వెళ్లే ఫిర్యాదు) మాత్రం నేరుగా ఆయన మీదికే వస్తుంది.

అధికారం ఇవ్వకుండా బాధ్యత మోపితే ఎవరైనా తమ చేతికి అందేదాన్నే గట్టిగా పట్టుకుంటారు. గడువు ఆయన చేతిలో లేదు, బడ్జెట్ లేదు, క్లయింట్ అంతకన్నా లేడు. మిగిలింది టీమ్. అందుకే టీమ్ గంటల మీద, చాట్ చుక్క మీద, సెలవుల మీద ఆ పట్టు బిగుస్తుంది. దీనికి తోడు, ఆయన నిన్నమొన్నటి దాకా మంచి డెవలపర్. కోడ్ రాస్తూనే పెద్ద జీతానికి ఎదిగే మెట్లు చాలా కంపెనీల్లో కొన్నే ఉండటంతో మేనేజర్ అయ్యాడు. తనకు బాగా వచ్చిన పని ఇంకొకరు నిదానంగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. రాత్రి కూర్చుని తానే సరిచేసేస్తాడు. ఆ డెవలపర్ మరుసటి రోజు వచ్చి తన కోడ్ మారిపోయి ఉండటం చూస్తాడు. ఎందుకు మారిందో చెప్పేవారుండరు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి అతను బుర్ర పెట్టి పనిచేస్తాడనుకోలేం. 'చెప్పండి సార్, ఎలా చేయమంటే అలా చేస్తా' అంటాడు. వీళ్లకు చొరవ లేదని మేనేజర్ అప్పుడు నమ్ముతాడు.

ఈ జబ్బుకు మందుగా వచ్చిన పద్ధతులను కూడా మనవాళ్లు జబ్బులో భాగం చేసేశారు. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని, సాఫ్ట్‌వేర్ పని ఎలా సాగాలో చెప్పే ఎజైల్ ప్రకటన రాశారు. పని మీద ఉత్సాహం ఉన్నవాళ్లకు కావలసినవి సమకూర్చి, పూర్తిచేస్తారని నమ్మాలన్నది అందులోని ఒక సూత్రం. ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లో రోజువారీ సమావేశం 15 నిమిషాలే. అది డెవలపర్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడానికి ఉద్దేశించినది. 'నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డంకులేంటి' అన్న మూడు ప్రశ్నలను కూడా 2020 నాటి స్క్రమ్ గైడ్‌లోంచి తీసేశారు. మన దగ్గర స్టాండప్ కాల్ అనే ఈ రోజువారీ సమావేశం ముప్పావు గంట సాగుతుంది. ఒక్కొక్కరూ మేనేజర్‌కు హాజరు చెప్పుకుంటారు. పక్కవాడు ఏం చెబుతున్నాడో వినే అవసరం ఎవరికీ ఉండదు.

కరోనా తర్వాత చూపు మరీ చిన్న విషయాల మీదికి దిగింది. మైక్రోసాఫ్ట్ 2022లో వెలువరించిన సర్వేలో తాము బాగానే పనిచేస్తున్నామన్న ఉద్యోగులు 87 శాతం. తమ టీమ్ బాగా పనిచేస్తోందని పూర్తి నమ్మకం ఉందన్న అధికారులు 12 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఎంత అగాధం ఉందో చూడండి. దాన్ని పూడ్చడానికి కొన్ని సంస్థలు కీబోర్డు కదలికలు లెక్కించే సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. జవాబుగా మౌస్‌ను దానంతటదే కదిపే పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. కీబోర్డు పని చేస్తున్నట్టు నటించారంటూ 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు డజను మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. కదలికను కొలిస్తే కదలికే దొరుకుతుంది. పని ఎంతయిందో దాన్నిబట్టి తెలియదు.

అలాగని మేనేజర్ చేతులు దులుపుకోవాలని నేను అనను. ఫ్రెషర్‌కు మొదటి నెలల్లో పక్కన కూర్చుని చూపించేవాళ్లు కావాలి. స్వేచ్ఛ పేరుతో వాళ్లను గాలికి వదిలేయడం కూడా అన్యాయమే. బ్యాంకు ఖాతాలు, రోగుల వివరాలు ఉన్న డేటాబేస్‌ను మార్చేటప్పుడు, కొత్త కోడ్ ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే సిస్టమ్‌లోకి, వెళ్లే రాత్రి, ప్రతి అడుగూ ఇద్దరు చూడాల్సిందే. దాన్ని పెత్తనం అనలేం. ఎందుకంటే ఏ అడుగు దగ్గర ఎవరు తనిఖీ చేయాలో టీమ్‌కు ముందే తెలుసు, ఆ నియమం మేనేజర్‌కూ వర్తిస్తుంది, తనిఖీ పూర్తయ్యాక పని మళ్లీ చేసేవాడి చేతికే వెళ్తుంది. పెత్తనంలో ఈ మూడూ ఉండవు. ఎప్పుడు ఏం అడుగుతారో తెలియదు, అడిగేవాడిని అడిగేవారుండరు, నిర్ణయం మాత్రం ఆయన దగ్గరే ఉండిపోతుంది.

కఠినంగా పని చేయించడానికి, వెంటపడటానికి ఉన్న తేడా తెలియాలంటే ఇ.శ్రీధరన్‌ను చూడాలి. కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ఆయన, 1964 తుపానులో కొట్టుకుపోయిన పంబన్ రైలు వంతెనను 46 రోజుల్లో నిలబెట్టారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో నిర్మాణాలను నడిపించారు. గడువుకు ఇంకా ఎన్ని రోజులుందో చూపే వెనక్కి నడిచే గడియారాలు ఆయన పని స్థలాల్లో ఉండేవి. గడువు విషయంలో ఏ మాత్రం మెత్తదనం లేని మనిషి. కానీ ఆ గడియారం కొలిచింది పనిని. కూలీ నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరూ ఒకే అంకెను చూశారు. 2009 జూలైలో జమ్రూద్‌పూర్ దగ్గర మెట్రో వంతెన కూలి ప్రాణాలు పోయినప్పుడు కింది ఇంజనీర్లను ముందుకు తోయకుండా, నైతిక బాధ్యత తనదేనంటూ రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. తప్పు జరిగితే పెద్దాయన ముందు నిలబడతాడన్న భరోసా ఉన్న చోట కింది ఇంజనీరు సమస్యను దాచిపెట్టడు.

శ్రీధరన్‌కు ఉన్న అధికారం మన ఐటీ మేనేజర్‌కు ఎక్కడిదని అడగొచ్చు. సరైన ప్రశ్న. మనుషులను ఎంచుకోవడంలో, టెండర్లలో ఢిల్లీ మెట్రోకు స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకునే వెసులుబాటు ఉంది, ఆయన ఆ వెసులుబాటును గట్టిగా కాపాడుకున్నారు. కిందివాళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలంటే ముందు తనకంటూ కొంత ఉండాలి. అందుకే మార్పు మొదలవ్వాల్సింది పనికి ఎంత కాలం పడుతుందో లెక్కగట్టే ఎస్టిమేషన్ దశలో. గడువు ఒప్పుకునే ముందు, ఆ పని చేయించబోయే మేనేజర్, చేయబోయే సీనియర్ డెవలపర్ ఆ లెక్క చూసి సంతకం పెట్టాలి. మేనేజర్ అప్రైజల్‌లో బిల్లయిన గంటల పక్కనే, ఆయన టీమ్ నుంచి ఎందరు ఏ కారణంతో వెళ్లిపోయారో కూడా రాయాలి.

కంపెనీ మారేదాకా మేనేజర్ ఆగనక్కర్లేదు. పని మొదలయ్యే రోజే టీమ్‌తో కూర్చుని ఏయే విషయాలు వెంటనే తనకు చెప్పాలో తేల్చుకోవచ్చు. తేదీ తప్పేలా ఉంటే, క్లయింట్ డేటా ముట్టుకోవాల్సి వస్తే, వేరే టీమ్ దగ్గర పని ఆగిపోతే చెప్పాలి. మిగతాది వారానికోసారి, టికెట్లలో ఉన్నదాన్ని తానే చదువుకుని క్లయింట్‌కు చెప్పాలి.

సేల్స్ వాళ్లు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. గడువు రెండు వారాలు పెంచి చెబితే కాంట్రాక్టు పోటీ కంపెనీకి పోతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ కాగితం మీద తగ్గించిన ఆ రెండు వారాల పని ఎక్కడికీ పోలేదు. దాన్ని ఇప్పుడు టీమ్ తన శనివారాల్లో, అర్ధరాత్రి కాల్స్‌లో పూర్తి చేస్తోంది.