అలకపాన్పు శాస్త్రం

మొన్న తిరుచానూరు రోడ్డులో టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి, "ఇట్లయితే కాదు సామీ, మనం వేరే పోవాల్సిందే" అన్నాడు. రాష్ట్రం నుంచా, దేశం నుంచా అని అడిగాను.

"అది తర్వాత చూద్దాం. ముందు పోతామని చెప్పల్ల."

రాజనీతి అంతా ఆ మాటలోనే ఉంది. పోవడం వేరు, పోతామనడం వేరు. కొత్త సమాఖ్యలో చేరిన రాష్ట్రం కొత్త అల్లుడి లాంటిది. వేళకు అలకపాన్పు ఎక్కకపోతే తర్వాత పలకరించే దిక్కుండదు. (నేను ఎక్కాను. స్కూటర్ అడిగాను. మామగారు పెద్దమనుషులతో కమిటీ వేశారు. నివేదిక ఇంకా రాలేదు.)

కెనడావాళ్లకు ఈ విద్య కొట్టిన పిండి. 1867 జులై 1న సమాఖ్య పుట్టింది. సెప్టెంబరుకల్లా నోవా స్కోషియా అలిగి, తనకున్న 19 పార్లమెంటు సీట్లలో 18 సమాఖ్య వద్దన్నవాళ్లకే ఇచ్చింది. వాళ్ల నాయకుడు జోసెఫ్ హౌ లండన్ దాకా పోయి మొరపెట్టుకున్నా పని కాలేదు. 1869లో ఆ రాష్ట్రానికిచ్చే సొమ్ము పెంచారు, హౌ గారిని కేంద్ర మంత్రిని చేశారు. అలక తీరింది. ఎవరి అలక అని మాత్రం అడక్కండి.

బ్రిటిష్ కొలంబియా ఇంకా గట్టి పిండం. 1871లో చేరేటప్పుడే పదేళ్లలో రైలు వేస్తామని మాట తీసుకుంది. పని సాగక 1878లో అక్కడి శాసనసభ పోతామని తీర్మానించింది. 1885లో పట్టాలు కలిశాయి.

పశ్చిమ ఆస్ట్రేలియా 1901లో కలిసి, 1933లో అలిగింది. మూడింట రెండొంతుల మంది విడిపోదామని ఓటేసి, అదే రోజు విడిపోవద్దన్న పార్టీని గెలిపించారు. అర్జీ లండన్ చేరితే, ముందు మీ ఆస్ట్రేలియా ప్రభుత్వాన్ని ఒప్పించుకోండని 1935లో పక్కన పెట్టారు. ముప్పై రెండేళ్లు కాపురం చేశాక అలిగితే అంతే మరి.

ఇక మనం, రాయలసీమవాళ్లం. 1937లోనే, తాంబూలాలకు ముందే, రాజధానో హైకోర్టో మాకేనని కోస్తావాళ్లతో శ్రీబాగ్‌లో ఒప్పందం కాగితం రాయించుకున్న తెలివైనవాళ్లం. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, 1956లో హైదరాబాదు పోయింది. మనం పాన్పు ఎక్కామా? బంతిలో కూర్చుని మారు వడ్డన కోసం చూశాం. 1960లో తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. కుమారస్వామికి కోపం చల్లారిన కొండ అదేనంటారు. కోపం చల్లార్చే కొండనే ఇచ్చేశాక, అలిగితే దిగేదెట్లా? పైగా పెళ్లికొడుకే కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతున్న ఊరు మనది. అత్తారింటిని ఏమని అడుగుతాం?

పెద్దాయనకు ఇదంతా ఓపిగ్గా చెప్పి, "వేరే పోతే వేలూరు ఆసుపత్రికి పాస్‌పోర్టు కావాల్సొస్తుందేమో" అన్నాను.

ఆయన మోకాలు నిమురుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"ఆపరేషన్ అయినాక పోదాంలే సామీ."