ముసలివాళ్లెవరో తేలాక కడదాం

విశాఖ దగ్గర ఆనందపురం దాటాక మా వాకింగ్ మిత్రులం కలిసి కొన్న రెండు వేల గజాల్లో వృద్ధుల కోసం ఇళ్లు కట్టాలా వద్దా అని ఎనిమిదేళ్లుగా అత్యంత శ్రద్ధగా ఆలోచిస్తున్నాం. కమిటీలో తొమ్మిదిమందిమి. అందరిలోకీ చిన్నవాణ్ణి నేను, నాకు 68. అయినా ఇంతవరకు ఏ సమావేశంలోనూ ఒక్కరి నోటా 'మనకి' అన్న మాట రాలేదు. 'పాపం, ఆ ముసలివాళ్లకి' అనే అంటాం.

మొదటి చిక్కు పేరు దగ్గర వచ్చింది. వృద్ధాశ్రమం అంటే పిల్లలు వదిలేశారనుకుంటారని 74 ఏళ్ల మా కోశాధికారిగారు అభ్యంతరం చెప్పారు. సీనియర్ లివింగ్ అంటే రేటు పెరుగుతుంది. ఆనంద నిలయం అంటే కల్యాణమండపం అనుకుని ఎవరో పెళ్లికి అడ్వాన్సు ఇచ్చిపోతారు. ఇలా ఏడాదిన్నర గడిచింది. ఆ తర్వాత వాస్తు. స్థలానికి రోడ్డు దక్షిణాన ఉంది. దక్షిణం గుమ్మం, లోపల ముసలివాళ్లు! యముడికి మనమే అడ్రసు రాసిచ్చినట్టు కాదూ?

చట్టం కూడా మా నిదానాన్నే సమర్థిస్తోందని మనవి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 19వ సెక్షను చూడండి. దిక్కులేని వృద్ధులు కనీసం 150 మందికి సరిపడేలా, జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చు అంటుంది. పెట్టవచ్చు! ఎంత మర్యాదైన క్రియాపదమో గమనించారా? పిల్లలు నెలనెలా ఇచ్చే భృతి దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే చట్టం 10,000 రూపాయలు దాటకూడదని గట్టిగా చెప్పింది.

పైగా ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో మన రాష్ట్రం ఎత్తేసింది. అంటే మమ్మల్ని చూసుకునేవాళ్లు పుట్టబోతున్నారు. వాళ్లు పెరిగి ఉద్యోగాల్లో చేరేదాకా ఆగితే పోలా? అప్పటికి కోశాధికారిగారికి వంద నిండవచ్చు. నిండవచ్చు అనే అంటున్నాను, చట్టం నేర్పిన భాషలో.

రిటైర్మెంట్ హోమ్‌ల కోసం కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు, చక్రాల కుర్చీ పట్టే తలుపులు, జారని టైల్స్. మా సెక్రటరీగారు వాటిని చదివి వినిపించారు. సమావేశం వాళ్లింట్లోనే, ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు. లిఫ్టు లేదు. తొమ్మిదిమందిలో నలుగురం పైకి చేరాం. మిగతా ఐదుగురూ కింద స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఫోను స్పీకర్లో చర్చించారు. లిఫ్టు దండగ, కరెంటు బిల్లు ఎవడు కడతాడని అడిగింది వాళ్లే.

అదే బిల్డింగులో, అదే అంతస్తులో మా పిన్ని ఉంటుంది. 81 ఏళ్లు. బాబాయి పోయాక ఒక్కతే. పొద్దున్న ఆరింటికి బాల్కనీ లోంచి నైలాన్ తాడు కట్టిన బుట్ట దిగుతుంది. ఉప్పుగాలికి గ్రిల్ అంతా తుప్పు పట్టిపోయింది. తాడు రాసుకునే చోట మాత్రం ఇనుము తళతళలాడుతుంటుంది. పాల ప్యాకెట్టు, బీపీ మాత్రలు, పావుకిలో దొండకాయలు పైకెళ్తాయి. ఆవిడ కిందికి దిగి నాలుగు నెలలు దాటింది.

పిన్ని అభిప్రాయం కూడా తీసుకుందామన్నాను. దానికి సబ్‌కమిటీ వేయాలన్నారు. వేసేలోపు నేనే వెళ్లి తలుపు కొట్టాను.

"ఎప్పటికి కడతార్రా?" అంది.

"భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని గజం రేటు ఎక్కుతోంది పిన్నీ. ఇప్పుడే తొందరపడొద్దని అమెరికా నుంచి పిల్లలు ఫోన్లు చేస్తున్నారు."

"సరేలే. ఈలోగా ఆ బుట్టలో నేను పట్టే సైజు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు నాయనా."

దీన్ని మినిట్స్‌లో 'ఇతర అంశాలు' కింద యథాతథంగా నమోదు చేశాం. ఈమధ్య సెక్రటరీగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆయన దిగలేరు, మేం ఎక్కలేం. అందుకని వచ్చే ఆదివారం మినిట్స్ పుస్తకాన్ని పిన్ని బుట్టలో కిందికి దించుతారు. సంతకాలు పెట్టి మళ్లీ పైకి పంపిస్తాం.