మెడ మీది నలుపు మట్టి కాదు

పిల్లాడి మెడ వెనక నల్లగా, మందంగా కనిపిస్తే చాలా ఇళ్లలో అమ్మ చేసే మొదటి పని సున్నిపిండి పెట్టి రుద్దడం. స్నానం సరిగ్గా చేయడం లేదని నాలుగు చీవాట్లు అదనం. ఎంత రుద్దినా అది పోదు. బొద్దుగా ఉన్న బిడ్డ మెడ మీద, చంకల్లో ఆ నలుపు ఉందంటే, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో ఉన్నా సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. రుద్దడం మాని డాక్టరుకు చూపించాలి.

ఇన్సులిన్ అలా సరిగా పనిచేయకపోవడంతో వచ్చే టైప్ 2 షుగర్ ఒకప్పుడు నలభై దాటినవాళ్ల జబ్బు. 2016-18లో కేంద్రం జరిపించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో అయిదేళ్లు దాటిన పిల్లల్లో, టీనేజర్లలో పది శాతం మంది దాని అంచున ఉన్నట్టు తేలింది. పిల్లలకు వస్తే పెద్దల్లో కంటే తొందరగా ముదురుతుంది. టైప్ 1 సంగతి వేరు. అది తిండి వల్ల వచ్చేది కాదు, ఆ బిడ్డల తల్లిదండ్రులను ఎవరూ దెప్పనక్కర్లేదు.

కండరం పనిచేస్తున్నంతసేపూ ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాగేసుకుంటుంది. అందుకే రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన బడుల్లో ఆ గంట ఏదీ? విద్యా హక్కు చట్టం ఆటస్థలం ఉండాలంది. అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లో నడిచే స్కూళ్లలో పిల్లలు పరిగెత్తాలంటే మెట్లే గతి. టైంటేబుల్లో పీఈటీ పిరియడ్ ఉంటుంది గానీ, పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారు పట్టుకుపోతారు. పదో తరగతిలో అయితే ఆ ఊసే ఉండదు, అంతా స్టడీ అవర్లే. ర్యాంకుల ప్రకటనలను పేజీల నిండా అచ్చేసే పత్రికలకూ ఈ పాపంలో వాటా ఉంది, మమ్మల్ని కలుపుకొనే అంటున్నాం.

ఇక తిండి. మూడు వందల మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు ముప్పై గ్రాముల చక్కెర, అంటే ఏడెనిమిది చెంచాలు. పిల్లాడి పాలల్లో అంత వేస్తే ఏ నానమ్మయినా ఊరుకుంటుందా? ప్రభుత్వ బడిలో మధ్యాహ్నం గుడ్డు పెడుతున్నారు, రాగిజావ పోస్తున్నారు. వేలకు వేలు ఫీజు కట్టే బడి పిల్లాడు మాత్రం గేటు బయట చిప్స్ ప్యాకెట్ చింపుతున్నాడు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025లో తన బడులను ఆదేశించింది. రాష్ట్ర బోర్డు బడుల గోడలకూ అవి ఉండాలి. దానికో చార్టు, స్కెచ్ పెన్ను చాలు.

ఆట పిరియడ్‌కు మాత్రం చార్టు చాలదు, ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. జిల్లా విద్యాధికారులు చెప్పాపెట్టకుండా ఏదో ఒక బడికి వెళ్లి, పీఈటీ పిరియడ్‌లో పదో తరగతి పిల్లలు ఎక్కడ కూర్చున్నారో చూసి రావాలి.