గువ్వలచెరువు ఘాట్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఇవ్వాలి

కడప జిల్లాలో పాత బండ్లు కొనేవాళ్లందరి తరఫున ప్రభుత్వానికి ఒక విన్నపం. గువ్వలచెరువు ఘాట్‌ను వెంటనే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా నియమించాలి. జీతం అక్కర్లేదు. బదిలీ చేయించడం ఏ నాయకుడి వల్లా కాదు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఎండనకా వాననకా డ్యూటీలోనే ఉంది. ఆర్డరు కాగితం ఒక్కటే తక్కువ.

ఈ జ్ఞానం మా బావమరిది ఎనిమిది సీట్ల పాత మారుతీ ఓమ్ని వ్యాన్‌కు బేరం పెట్టినప్పుడు కలిగింది. ఏపీ 04 నంబరు, 2012 మోడల్. చూడటానికి ఐదుగురం వెళ్లాం. మా మామగారు వెళ్తూనే ముందు టైరును కాలితో ఒక్క తన్ను తన్నారు. ఆ తన్నుతో ఏం తెలుస్తుందో తన్నినవాళ్లెవరూ ఇంతవరకు నాకు చెప్పలేదు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. "కొత్త టైర్లన్నా" అని బ్రోకర్ చూపించిన టైరు మీద 2317 అని ఉంది. అంటే 2017లో ఇరవై మూడో వారం సరుకు. అది చదవాలంటే వంగాలి. తన్నడానికి వంగక్కర్లేదు.

చిన్నాన్న నంబర్ ప్లేటు అంకెలు కూడారు. ఏడు వచ్చింది. సగం బేరం అక్కడే అయిపోయింది.

"ఏదీ, ఇంజిన్ చూపించు" అంటూ మామగారు బండి ముందుకొచ్చి నిలబడ్డారు. బ్రోకర్ వెళ్లి లోపల సీటు ఎత్తాడు. ఈ బండిలో 796 సీసీ ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కిందే. మే నెలలో డ్రైవర్‌కు తన కింది వేడి ఇంజిన్‌దో కడపదో తేల్చుకోవడం కష్టం. మామగారు ఏమాత్రం తొణక్కుండా ఇటు తిరిగొచ్చి, లోపలికి తొంగిచూసి, "ఊఁ, సీలు తియ్యలా, ఇంజిన్ విప్పలా" అన్నారు.

నేను చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నా. మేం రాకముందే ఇంజిన్ కాగి ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్ పొద్దున్నే మొదటి స్టార్టింగులో తన రోగాలన్నీ చెప్పేస్తుంది. అందుకే కొనేవాళ్లు వచ్చేలోపు దాన్ని వేడిచేసి నోరు మూయిస్తారు. మీటర్‌లో 42 వేల కిలోమీటర్లే ఉన్నాయి. పెడళ్ల రబ్బర్లు మాత్రం అరిగి ఇనుము తేలింది. "డాక్టర్ గారి బండన్నా, ఇల్లు, హాస్పిటల్, అంతే" అన్నాడు బ్రోకర్. ఆ లెక్కన డాక్టర్ గారు ఇంటి నుంచి హాస్పిటల్ దాకా బ్రేకు మీదే నిలబడి వెళ్లేవారనుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు దారి కూడా బ్రోకరే ఎంచాడు. సాయంత్రం ఆరింటికి ఏడు రోడ్ల కూడలి! ఆ రద్దీలో రెండో గేరు దాటితే గొప్ప. పై గేర్లు ఉన్నాయన్నది ఆయన మాట మీద నమ్మాల్సిందే. పాటలు కూడా గట్టిగా పెట్టాడు. ఏదైనా కిర్రుమన్నా అది సన్నాయిలో కలిసిపోయింది.

మర్నాడు నేను పట్టుబట్టి బండిని ఘాట్ వైపు తిప్పించా. "ఘాట్లు ఎక్కడానికి కొంటున్నారా, పెళ్లిళ్లకు పోడానికా?" అని బ్రోకర్ నొచ్చుకున్నాడు. మా పెళ్లిళ్లు సగం రాయచోటి వైపే మరి. ఎనిమిది మందిమి ఎక్కాం. ఖాళీ వ్యాన్ నడిపి చూడటమంటే వంటమనిషి చేత ఉత్త గిన్నె కలిపించి రుచి చూడటమే.

రెండో మలుపులో ఇన్‌స్పెక్టర్ గారు విచారణ మొదలుపెట్టారు. మూడో గేరులో బండి గింజుకుంది. రెండో గేరులో ఇంజిన్ అరిచిందే గానీ వేగం పెరగలేదు. క్లచ్ జారుతోంది. కాలిన వాసన సీట్ల దాకా వచ్చింది. అద్దంలో నీలం పొగ, అంటే ఆయిల్ తాగుతోంది. తప్పు బండి తయారు చేసినవాళ్లది కాదు, ఇన్నేళ్లు వాడినవాళ్లది. రెండు రోజులు మేం ఐదుగురం కనిపెట్టలేనిది ఘాట్ పది నిమిషాల్లో చెప్పింది, టైరును ఒక్కసారీ తన్నకుండా.

పైన గువ్వలచెరువులో బండి చల్లారేదాకా ఆగాం. అక్కడ పాలకోవా అంగళ్లుంటాయని తెలిసిందే. బ్రోకర్ కిలో కోవా తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. నా విన్నపంలో లోపం అప్పుడు బయటపడింది. ఘాట్ లంచం తీసుకోదు, నిజమే. ఘాట్ ఇచ్చిన రిపోర్టు చదవాల్సినవాళ్లం మాత్రం మేమే.

మొదటి ముక్కకు మామగారు, "పాత బండన్నాక చిన్నాచితకా ఉంటాయిలే" అన్నారు. రెండో ముక్కకు, "క్లచ్ ప్లేట్లు ఎంతలే" అన్నారు. మూడో ముక్క చిన్నాన్న నోట్లో ఉండగానే నంబరు టోటల్ మళ్లీ గుర్తొచ్చింది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగింది. కోవా పొట్లం కుడికి జారకుండా పట్టుకోవడంలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోయాయి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా అలాగే ఉంది. కంతులన్నీ ఎప్పుడో కట్టేశారట. అది తీసేయడానికి కావాల్సిన ఫారం 35 వచ్చే వారం తప్పకుండా వస్తుందట. మూడు వారాలుగా వచ్చే వారమే.

బండి ఇప్పుడు మా బావమరిది ఇంటి ముందు, వేపచెట్టు నీడన కవర్ కప్పుకుని ఉంది. ఆదివారం రాయచోటిలో పెళ్లి. మామగారు పొద్దున ఫోన్ చేసి, బస్సులు ఎన్నింటికున్నాయో కనుక్కోమన్నారు.