దుగరాజపట్నానికి నౌకాదళం, గాంధీ రోడ్డుకు కీచైన్లు

2022లో జిల్లాల పునర్విభజన పుణ్యమా అని తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. సముద్రం వచ్చాక కూడా ఒక్క విదేశీ నౌకాదళాన్నయినా పిలవకపోవడం మర్యాద కాదు. కనుక ఏదో ఒక అగ్రరాజ్యాన్ని బతిమాలి, వాళ్ళ యుద్ధనౌకలను దుగరాజపట్నంలో మూడు రోజులు ఆపాలని నా మనవి. అక్కడ రేవు ఏదని అడగకండి. 2014 విభజన చట్టంలో రేవు ఉంది, తొలిదశ 2018 చివరికల్లా పూర్తి కావాలని కూడా ఉంది. చట్టంకన్నా లోతైన రేవు ఏ ఓడకు కావాలి?

ఈ విద్యలో మనకు గురువు అమెరికా. 1907 డిసెంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తెల్లరంగు పూసుకున్న 16 యుద్ధనౌకలను ప్రపంచం చుట్టి రమ్మని పంపాడు. పేరుకు స్నేహయాత్ర, ఫిరంగులు మాత్రం వెంటే ఉన్నాయి. బొగ్గు చాలామటుకు బ్రిటిష్ ఓడలు మోసుకొచ్చి పోశాయి. బలం మనది, బొగ్గు పక్కింటిది! 1908 ఆగస్టులో సిడ్నీ రేవుకు లక్షల జనం ఎగబడ్డారు, పోస్టుకార్డులు, బ్యాడ్జీలు పోటెత్తాయి. ఆ నౌకల్లో చాలావరకు 1920ల్లో తుక్కు కింద పోయాయి. పోస్టుకార్డులు ఇప్పటికీ వేలంలో రేటు పలుకుతున్నాయి.

వచ్చి, క్యూలో నిలబడి, ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయే అతిథిని చూసుకోవడం తిరుపతికి ఒకరు నేర్పాలా? లడ్డూకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, రేణిగుంట దాటేలోపు అయిపోయే వస్తువును అద్దాల బీరువాలో దాచలేం. నావికులు క్రాపు కొట్టించుకునే దిగుతారు గనుక తలనీలాల మీదా ఆశ పెట్టుకోవద్దు. మాధవమాల చెక్కబొమ్మల పనివాళ్ళకు మాత్రం చేతినిండా పని. ఆ అమెరికా యాత్రలో మెల్‌బోర్న్‌లో రెండొందల మందికి పైగా నావికులు ఓడెక్కకుండా ఉండిపోయారట. మనకా బెంగ లేదు. తప్పిపోయినవాళ్ళను మైకులో పేరుపెట్టి పిలవడం ఇక్కడ రోజూ జరిగేదే.

గాంధీ రోడ్డులో కీచైన్లు అమ్మే పెద్దాయన ముందు ఈ పథకం పెట్టాను. దౌత్యం ఊసే ఎత్తలేదాయన.

"ఎన్ని ఓడలనేది కాదు సామీ, ఎన్ని దినాలుంటాయో చెప్పు. ఒక దినమైతే కీచైన్లు, మూడు దినాలైతే ఫ్రేము కట్టిన పటాలు. అచ్చుకు ఖర్చు లేదులే, ఏడుకొండల్లో నాలుగు తీసేస్తే మూడు పొగగొట్టాలు మిగుల్తాయి."

తిరిగెళ్ళాక 1909లో ఆ అమెరికా ఓడలకు బూడిదరంగు వేశారని చెబితే మాత్రం ఆయన మొహం మారిపోయింది.

"రంగు మార్చేదుంటే ముందే చెప్పమను సామీ. తెల్లవి మిగిలిపోతే ఎవరు కొంటారు?"