ఆ నాలుగు వేల పేర్లు ఎవరివి?

ఈ వారంలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. మొదట బంధువుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంటు గ్రూపులో, ఆ తర్వాత పాత ఆఫీసు మిత్రుడి నుంచి, నిన్న రాత్రి మా బడి స్నేహితుల గ్రూపులో. "2001 సెప్టెంబరు 11: మీకు చెప్పని ఏడు నిజాలు" అని శీర్షిక. ఎర్ర బాణాలు గీసిన పొగ బొమ్మ, అడుగున "కనీసం పదిమందికి పంపండి" అన్న ఆజ్ఞ. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది ఎవరో చూశాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మొదటి పాయింటు: విమాన ఇంధనం మంటకు ఉక్కు కరగదు, కాబట్టి న్యూయార్కులోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాలను లోపల బాంబులు పెట్టి కూల్చారు. ఇందులో మొదటి సగం నిజం. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ మంటల వేడి ఎంత చెప్పుకున్నా 1000 డిగ్రీల దగ్గరే. కానీ ఉక్కు కరిగినందువల్ల భవనాలు కూలాయని దర్యాప్తు నివేదికలో ఎక్కడా లేదు. చెప్పని మాటను చెప్పినట్టు సృష్టించి, దాన్ని ఖండించి, గెలిచామంటున్నారు.

చిన్నప్పుడు మా ఊళ్ళో కొలిమి తిత్తి లాగడానికి పిల్లలం పోటీపడేవాళ్ళం. కమ్మరి తాత అరిగిపోయిన నాగటి కర్రును బొగ్గుల్లో పెట్టేవాడు. అది ఎర్రబడగానే పట్టకారుతో దాగలి మీదికి తీసి నాలుగు సమ్మెట దెబ్బలు వేస్తే మైనంలా సాగేది. ఒక్క చుక్క కూడా కరిగి కారేది కాదు. 600 డిగ్రీల దగ్గరే ఉక్కు తన బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. న్యూయార్కులో జరిగింది అదే. విమానాలు కొన్ని స్తంభాలను తెంచేశాయి, మిగిలినవాటికి మంట సోకకుండా వేసిన పూతను రాల్చేశాయి. ఒక్కో భవనంలో సుమారు పదివేల గ్యాలన్ల ఇంధనం చిమ్మింది. అది కొద్ది నిమిషాల్లోనే కాలిపోయింది, ఆ తర్వాత మండినవి కాగితాలు, బల్లలు, తివాచీలు. వేడికి అంతస్తులు కుంగి, బయటి స్తంభాలను లోపలికి లాగాయి. ఉత్తర భవనం దక్షిణపు గోడ నాలుగడుగులకు పైగా లోపలికి వంగింది. కూలడానికి ముందు తీసిన ఫోటోల్లోనే ఆ వంపు కనిపిస్తుంది. తర్వాత దెబ్బతిన్న దక్షిణ భవనం 56 నిమిషాల్లో కూలితే, ముందు దెబ్బతిన్న ఉత్తర భవనం 102 నిమిషాలు నిలబడింది. ఎందుకంటే దక్షిణ భవనానికి 77 నుంచి 85 అంతస్తుల మధ్య దెబ్బ తగిలింది, ఉత్తర భవనానికి 93 నుంచి 99 మధ్య. కింద తగిలితే పైన మోయాల్సిన బరువు ఎక్కువ. బాంబులే కూల్చి ఉంటే ఈ లెక్క ఇంత కచ్చితంగా ఎందుకు కుదురుతుంది? రెండు భవనాలూ సరిగ్గా విమానం దూరిన చోటునుంచే ఎందుకు విరిగాయి?

రెండోది, హైజాకర్ పాస్‌పోర్టు వీధిలో దొరకడం. విమానం గుద్దినప్పుడు ఎన్నో వస్తువులు భవనం దాటి వీధిలో పడ్డాయి, ప్రయాణికుల సామానుతో సహా. మూడోది, జంట భవనాల పక్కనే ఉన్న ఏడో నంబరు భవనం కూలకముందే కూలిందని బీబీసీ చెప్పడం. ఆ భవనం పడిపోతుందని మధ్యాహ్నమే తెలిసి అగ్నిమాపక సిబ్బందిని వెనక్కి రప్పించారు. ఆ గందరగోళంలో "కూలబోతోంది" అన్న వార్త "కూలింది"గా మారింది. నాలుగోది, అమెరికా రక్షణశాఖ కార్యాలయమైన పెంటగాన్‌లో విమానం పట్టేంత రంధ్రం లేదనడం. దారిలో ఆ విమానం విరగ్గొట్టిన దీపస్తంభాలున్నాయి, దొరికిన బ్లాక్ బాక్సులున్నాయి, అందులోని ప్రయాణికులను డీఎన్ఏతో గుర్తించిన రికార్డులున్నాయి. ఈ మూడింటికీ ఇంతకంటే సమయం ఇవ్వను.

ఐదోది ఆ ఏడో నంబరు భవనమే. 47 అంతస్తులు. విమానం తగల్లేదు, అయినా సాయంత్రం 5:20కి కూలిపోయింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దర్యాప్తు చేసిన అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2008లో విడుదల చేసిన ముసాయిదాలో, భవనం స్వేచ్ఛాపతన వేగంతో, అంటే కింద ఏ అడ్డూ లేనట్టుగా, పడలేదని వాదించింది. ఒక హైస్కూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు వీడియోను కొలిచి, పడిందని బహిరంగంగా నిలదీశాడు. తుది నివేదికలో 2.25 సెకన్లపాటు స్వేచ్ఛాపతనం జరిగిందని ఆ సంస్థ ఒప్పుకుంది. ఆ ఉపాధ్యాయుడి కొలత సరైనది, ఆయన అడగడమూ సరైనదే. అయితే ఆ కొలతతో బాంబు రుజువు కాదు. పక్క భవనం శిథిలాలు పడి మంటలు అంటుకున్నాయి. నీటి గొట్టాలు పగిలిపోవడంతో దాదాపు ఏడు గంటలపాటు ఆర్పేవారు లేకుండా మండాయి. దూలాలు వేడికి వ్యాకోచించి, 79వ నంబరు స్తంభానికి ఆధారం పోయింది. లోపలంతా ముందే కూలిపోయి, బయటి స్తంభాలు ఎనిమిది అంతస్తుల మేర మడతపడ్డాయి. అప్పుడు పైభాగాన్ని ఆపడానికి ఏం మిగిలిందని?

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. "అమెరికా ప్రభుత్వం అబద్ధాలాడదా?" అని ఈ సందేశం అడుగుతోంది. ఆడింది. దాడి జరిగిన వారానికే, సెప్టెంబరు 18న, న్యూయార్కు గాలి పీల్చడానికి సురక్షితమేనని అక్కడి పర్యావరణ సంస్థ అధిపతి ప్రకటించారు. ఆ ధూళి పీల్చి జబ్బుపడి చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది సంఖ్య 2023 నాటికి 343కు చేరింది. దాడి రోజున చనిపోయిన అగ్నిమాపక సిబ్బందీ సరిగ్గా 343 మందే. ఇరాక్‌లో సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి వెళ్ళారు, అవి దొరకలేదు. ఇద్దరు హైజాకర్లు అమెరికాలో ఉన్నారని తెలిసీ గూఢచారి సంస్థ సీఐఏ ఆ మాట దేశంలోపల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐకి సకాలంలో చెప్పలేదు. వీటిలో ఒక్కటైనా ఆ ఏడు పాయింట్లలో ఉందా? నిజంగా నిలదీయాల్సిన వాటిని వదిలేసి పాస్‌పోర్టు పట్టుకుని వేలాడుతున్నారు.

ఆరోది చదివినప్పుడు నా చేతులు వణికాయి. హైజాకైన విమానాల నుంచి ప్రయాణికులు ఇళ్ళకు చేసిన ఫోన్లు నకిలీవట, అంత ఎత్తులో మొబైల్ పనిచేయదట. పెన్సిల్వేనియాలో కూలిన 93వ నంబరు విమానం నుంచి వచ్చిన 37 కాల్స్‌లో 35 కాల్స్ సీట్ల వెనుక అమర్చిన విమానపు ఫోన్ల నుంచి చేసినవే. మొబైల్ నుంచి వచ్చినవి రెండే, అవీ విమానం బాగా కిందికి దిగాక. భార్య గొంతు విన్న భర్త, కొడుకు గొంతు విన్న తల్లి ఆ గొంతును గుర్తుపట్టలేకపోయారా? కన్నతల్లికి తెలియనిది ఈ సందేశం రాసినవాడికి తెలిసిందా?

ఇక ఏడోది. "ఆ రోజు నాలుగు వేలమంది యూదులు పనికి రాలేదు. వాళ్ళకు ముందే తెలుసు."

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం కష్టం కాదు. దాడి జరిగిన వెంటనే ఇజ్రాయెల్ విదేశాంగ శాఖకు అక్కడి కుటుంబాలు ఫోన్లు చేశాయి. మావాడు న్యూయార్కులో ఉన్నాడు, ఫోను కలవడం లేదు అని. దాడి జరిగిన ప్రాంతాల్లో ఉండి ఉండవచ్చని అలా పోగైన పేర్లు సుమారు నాలుగు వేలు. ఒక పత్రిక ఆ సంఖ్యను అచ్చు వేసింది. సెప్టెంబరు 17న లెబనాన్‌కు చెందిన అల్ మనార్ టీవీ దాన్ని తలకిందులు చేసి, నాలుగు వేలమంది పనికి రాలేదని చెప్పింది. ఏమయ్యారో తెలియక ఏడ్చిన ఇళ్ళ జాబితా, బతికిపోయిన కుట్రదారుల జాబితా అయిపోయింది.

చనిపోయిన 2,977 మందిలో పది నుంచి పదిహేను శాతం యూదులేనని అంచనా. ఇజ్రాయెల్ పౌరులు ఐదుగురున్నారు. మొదటి విమానంలో ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేసిన డేనియల్ లెవిన్ ఉన్నాడు. భవనాలను ఇంకా ఏదీ తాకకముందే హైజాకర్లు అతన్ని కత్తితో పొడిచి ఉంటారని, ఆ రోజు మొదట చనిపోయింది బహుశా అతనేనని దర్యాప్తు చేసినవారి అభిప్రాయం. ముందే తెలిసినవాళ్ళు ఇలాగే చస్తారా?

ఒక జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టే మాట ఎక్కడికి పోతుందో ఆ వారమే చూశాం. సెప్టెంబరు 15న అరిజోనాలోని మీసాలో, తన పెట్రోలు బంకు ముందు పూలమొక్కలు నాటుతున్న సిక్కును తలపాగా చూసి కాల్చి చంపారు. అతనికీ ఆ దాడికీ ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు ఇది నిన్న రాత్రి పంపిన మిత్రుడికి. నీకు గుర్తులేదంటే నమ్మను. ఆ సాయంత్రం మనకు ఆరుంబావు దాటింది. ఎదురింటి పిన్నిగారి కొడుకు అప్పటికి ఏడాదిగా న్యూయార్కులో పని. ఊళ్ళో లైను కలిసే ఫోను మా ఇంట్లోనే ఉందని ఆవిడ పరుగున వచ్చింది. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. మండుతున్న రెండు గోపురాలను టీవీలో చూస్తూ, చూడలేక తల తిప్పుకుంటూ గుమ్మంలో కూర్చుంది. అర్ధరాత్రి దాటాక న్యూజెర్సీలో ఎవరో తెలుగాయన లైనులో దొరికాడు. పేరు, వయసు, ఆఫీసు చెప్పమన్నాడు. తన దగ్గర అప్పటికే రెండు పేజీల తెలుగు పేర్లున్నాయని చెప్పాడు. పడవలో హడ్సన్ నది దాటానని పిన్నిగారి కొడుకు ఫోను చేసేసరికి తెల్లవారుతోంది. ఆ రోజు చనిపోయినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారని మనకు తర్వాత తెలిసింది.

అంతసేపూ మా ఫోను ముందు కూర్చుని మళ్ళీ మళ్ళీ నంబరు నొక్కింది నువ్వు. ఆ పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో విడదీసి చెప్పింది నువ్వు. ఆ రెండు పేజీలు ఎవరి చేతికో చిక్కి, "ఆ రోజు తెలుగువాళ్ళు పనికి రాలేదు" అని టీవీలో వచ్చి ఉంటే, గుమ్మంలో కూర్చున్న ఆవిడకు ఏమని చెప్పేవాడివి?

మిగతా ఆరింటి మీద ఎంతసేపైనా వాదిద్దాం, ఆదివారం ఇంటికి రా. ఆ సందేశాన్ని మాత్రం ఈ రాత్రే గ్రూపులోంచి తీసెయ్యి.